ఓయూకి బండి తెచ్చుకోవాలా?

పీజీ సీట్ల సీపీగెట్ కౌన్సెలింగ్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో సీటొచ్చిందని తెలియగానే ఇంట్లో ముందు హాస్టల్ మాట వస్తుంది, ఆ వెంటనే బండి మాట వస్తుంది. నాన్న నడిపే పాత స్ప్లెండర్ ఉంది, పట్నం పంపిద్దామా? లేకపోతే ఫైనాన్స్‌లో కొత్తది తీసిద్దామా? నల్లగొండలో, పాలమూరులో, ఆదిలాబాద్‌లో ఎన్నో ఇళ్లల్లో ఈ చర్చ ప్రతి ఏడూ జరుగుతూనే ఉంటుంది. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి సెమిస్టర్ బండి లేకుండా రండి. ఎందుకంటున్నానో చెప్తాను. ఈ మాట ఎవరికి వర్తించదో కూడా చెప్తాను.

క్యాంపస్ పెద్దదే, వెయ్యి ఎకరాల పైమాట. ఎగుడుదిగుడు నేల. ఆ విస్తీర్ణం చూసే చాలామంది బండి లేకపోతే కష్టమనుకుంటారు. కానీ మీరు రోజూ తిరిగేది వెయ్యి ఎకరాలు కాదు కదా. హాస్టల్, డిపార్ట్‌మెంట్, లైబ్రరీ, మెస్. ఈ నాలుగింటి మధ్య దూరం ఇరవయ్యేళ్ల మనిషికి నడకలో అందేదే. తార్నాకలో గది తీసుకున్నా మెట్రో స్టేషన్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి సుమారు రెండు కిలోమీటర్లు. చెట్ల నీడన అరగంట నడక. ఎండాకాలం మధ్యాహ్నం ఇది కష్టమే, కాదనను. ఆ పూటకి ఆటో ఎక్కండి.

ఊళ్లోకి వెళ్లాలంటే తార్నాకలో 2017 నవంబర్ నుంచి మెట్రో ఉంది. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే లైను అది. సికింద్రాబాద్, అమీర్‌పేట, హైటెక్ సిటీ అన్నీ ఆ దారిలోనే. ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే ఒక ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది, పక్కనే జామై ఉస్మానియా మరొకటి. ఛార్జీ తక్కువ, కాకపోతే రైళ్లు తక్కువ, టైం చూసుకుని వెళ్లాలి. ఇక తెలంగాణ ఆడపిల్లలకైతే 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మగపిల్లలకు స్టూడెంట్ పాస్ ఉంది.

పైసల లెక్క కూడా ఒకసారి వేద్దాం. హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయలు దాటింది. ట్రాఫిక్‌లో లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద రోజుకు పదిహేను కిలోమీటర్లు తిరిగితే నెలకు సుమారు వెయ్యి రూపాయలు పెట్రోల్‌కే పోతాయి. ఆ పైన సర్వీసింగ్, టైర్లు, బీమా, కిస్తీ ఉంటే కిస్తీ. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే పిల్లలకు ఇది చిన్న మొత్తం కాదు. పైగా బండి ఉన్నాక పదిహేను కిలోమీటర్లతో ఆగం. ట్యాంక్‌బండ్ మీద చాయ్ తాగొద్దాం అనే మాట బండి ఉన్న గదిలోనే పుడుతుంది.

అయినా నా అసలు భయం పైసల గురించి కాదు. హాస్టల్లో బండి ఉందంటే అది ఒక్కడి బండిగా ఉండదు. రాత్రి పదింటికి పక్క గది పిల్లవాడు వస్తాడు. 'అన్నా, తాళాలియ్యవా, తార్నాక పోయి టిఫిన్ చేసి ఐదు నిమిషాల్ల వస్త.' కిందికెళ్లి చూస్తే బండి మీద ముగ్గురుంటారు. నడిపేవాడికి లైసెన్స్ ఉందా అని అడగడానికి మొహమాటం. అడిగితే స్నేహం చెడుతుందని భయం. కానీ లైసెన్స్ లేని మనిషి చేతికి బండి ఇవ్వడమే మోటారు వాహనాల చట్టం కింద నేరం. ప్రమాదం జరిగి ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే బీమా కంపెనీ ముందు బాధితుడికి పరిహారం కట్టి, ఆ మొత్తాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఇంతకీ ఓనర్ ఎవరు? ఆర్సీ మీద చాలామందికి నాన్న పేరే ఉంటుంది. ఇక్కడ ఎవరో సిగ్నల్ దాటితే చలాన్ మెసేజ్ ఊళ్లో పత్తి చేనులో ఉన్న ఆయన ఫోన్‌కు పోతుంది. చలాన్‌తో పోతే ఫరవాలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద పోయినవాళ్లే. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. బండి పంపేముందు, తాళాలు ఎవరికీ ఇవ్వనని ముఖం మీద చెప్పగలవా అని పిల్లవాణ్ని అడగండి. చెప్పలేను అంటే ఇంకో ఏడాది ఆగండి.

ఇంటర్ అవగానే ఇంజనీరింగ్‌లో చేరేవాళ్లలో కొందరికి 18 నిండవు. వాళ్ల విషయంలో చర్చే లేదు. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా ఓనర్‌కు 25 వేల జరిమానా, మూడేళ్ల వరకూ జైలు అని 2019 సవరణలో రాశారు. బండి రిజిస్ట్రేషన్ కూడా ఏడాది పాటు రద్దవుతుంది.

మరి బండి ఎవరికి కావాలి? ఘట్‌కేసర్ అవతలి పల్లె నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలకు కావాలి. పొద్దున క్లాసు, మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్, రాత్రి ఎక్కడో ఉద్యోగం, ఇలా మూడు దిక్కులు తిరిగేవాళ్లకు బస్సు సరిపోదు. ఇంటికి డబ్బు పంపడానికి సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేసే విద్యార్థులున్నారు, వాళ్లకు బండే జీవనాధారం. వాళ్ల కష్టం తెలిసే ఒక జాగ్రత్త చెప్తున్నాను. సొంత వాడకానికి తీసుకున్న బీమా పాలసీ కిరాయి పనికి వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. పనిలో చేరేముందు కంపెనీ ఏ బీమా ఇస్తుందో అడిగి, కాగితం చేతికి తీసుకోండి.

మిగతావాళ్లకు నేను చెప్పేది సైకిల్. లైసెన్స్ అక్కర్లేదు, పెట్రోల్ అక్కర్లేదు, చదువైపోయాక జూనియర్‌కు అమ్మేయొచ్చు. కొత్తదే కావాలని లేదు. పాత సైకిల్ కొనేటప్పుడు బ్రేక్ రబ్బర్లు చూడండి, చక్రం పైకెత్తి తిప్పి వంకర పోతుందేమో చూడండి. ఎక్కుడు రోడ్లున్నాయి కాబట్టి గేర్లుంటే మంచిదే, లేకపోయినా దిగి నాలుగడుగులు తోస్తే పోయేదేం లేదు. వెనక చక్రానికుండే తాళం ఒక్కటే నమ్ముకోవద్దు. దొంగ సైకిల్‌ను భుజాన వేసుకునే పోతాడు. గొలుసును ఫ్రేమ్ గుండా తీసి కిటికీ ఊచకో ఇనుప కంచెకో వేయండి. చీకటి పడ్డాక తిరిగేవాళ్లు వెనక ఎర్రలైటు తప్పకుండా పెట్టుకోండి. క్యాంపస్ రోడ్ల మీద కార్లు, బండ్లు బాగానే తిరుగుతాయి.

ఒక సెమిస్టర్ ఇలా గడిపాక బండి నిజంగా కావాలో లేదో మీకే తెలుస్తుంది. కావాలనుకుంటే సరే, తెచ్చుకోండి. ఊరు దూరమైతే రోడ్డు మీద నడుపుకుంటూ రావొద్దు, రైల్లో పార్సిల్ వేయించండి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు అడుగుతారు. ట్యాంకులో పెట్రోల్ చుక్క లేకుండా తీసేయాలి, బండికి ప్యాకింగ్ చేయించాలి. ఆంధ్రప్రదేశ్ నంబర్ బండి అయితే ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే తెలంగాణ రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. దానికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడే ఆ పని చూసుకోండి. ఇంకొక్క మాట. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. వెనక కూర్చునేవాళ్లకు కూడా చట్టప్రకారం హెల్మెట్ ఉండాలి. ఆ రెండోది గదిలో ఉన్న రోజు వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి, అమ్మాయైనా, అబ్బాయైనా, మీ హెచ్ఓడీ అయినా.