అద్దాల తొట్టి కొనేముందు స్టాండు మట్టం చూసుకుందాం
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో రంగు చేపల యూనిట్ నడుపుతున్న సంఘం తరఫున చేసిన ప్రసంగం)

మమ్మల్ని రంగు చేపల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అమ్మకాల లెక్క ఎలాగూ నివేదికలో ఉంది. అందులో లేని సంగతి ఒకటి ఉంది, ఇవాళ అదే చెప్తాం. మాకు ఒక తొట్టి పగిలింది. ఎందుకు పగిలిందో మీకు తెలిస్తే మీది పగలదు.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కి 3 లక్షలు ఖర్చు లెక్కగట్టి, ఆడవాళ్ళకి అందులో 60 శాతం రాయితీ పెట్టారు. ఆ మాట విన్నాక మాకూ ఆశ పుట్టింది. అయినా ముందు చిన్నగా మొదలుపెట్టి, చేయి తిరిగాక పెద్దదానికి వెళ్దామనుకున్నాం. సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని నాలుగు తొట్లు, నాలుగు ఇనప స్టాండ్లు కొన్నాం. గప్పీలు, మోలీలు వేశాం. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే పెడతాయి కాబట్టి కొత్తవాళ్ళకి తేలిక.

పెద్ద తొట్టిని మాలో ఒకావిడ వరండాలో పెట్టాం. ఆ వరండాకి మేస్త్రీ వాన నీళ్ళు వాకిట్లోకి పోయేలా వాటం ఇచ్చాడు. ఇంటికి అది మంచి పనే, తొట్టికి మాత్రం చేటు. స్టాండు ఒక కాలు నేలకి ఆనక ఊగింది. మాలో ఒకరం అట్టముక్క మడిచి కాలి కింద దోపాం. మిగతావాళ్ళం చూసి "పర్లేదులే" అన్నాం. నీళ్ళు పోసేటప్పుడు, చేపలు పట్టేటప్పుడు కారిన తడికి ఆ అట్ట నాని అణిగిపోయింది. తొమ్మిదో రోజు రాత్రి మూల నుంచి అద్దం చీలి, ఎనిమిది బిందెల నీళ్ళు ఒక్కసారి నేల మీద పడ్డాయి. గాలి మోటారు పెట్టిన జంక్షన్ బాక్సు నేల మీదే ఉంది. దానికి రెండడుగుల్లో చాప మీద ఆవిడ మనవరాలు పడుకుని ఉంది. అప్పటికి కరెంటు పోయి ఉంది కాబట్టి పిల్ల తడవడంతో సరిపోయింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు గుండె దడేనండి.

ముందు వెల్డింగు చేసినవాణ్ణి తిట్టాం, తర్వాత అద్దం అమ్మినవాణ్ణి. చివరికి ఒక పెద్ద మేస్త్రీ వచ్చి వరండా చూసి, తప్పు మట్టంలో ఉందని చూపించాడు.

బరువు సంగతి చూడండి. లీటరు నీళ్ళు కిలో బరువు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే 125 లీటర్ల పైనే పడతాయి. అద్దం, గులకరాళ్ళు కూడా కలిపితే రెండు ధాన్యం బస్తాలకంటే ఎక్కువ. రెండడుగుల చిన్న తొట్టి కూడా సుమారు ఒక బస్తా తూగుతుంది. రెండు బస్తాలు ఊగే బల్ల మీద ఎవరైనా పెడతారా? అద్దం కదా, అందంగా ఉంది కదా అని బరువు మర్చిపోతాం.

బస్తా అయితే ఒరిగి సర్దుకుంటుంది. అద్దం వంగదు. ఒక మూల కింద ఆసరా లేకపోతే అడుగు అద్దం మెలిపడి, అతుకులు లాగి, చివరికి చీలుతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఒరిగిన వైపు నీళ్ళు లోతై, అటు అద్దం మీద తోపు కూడా పెరుగుతుంది. మన డెల్టావాళ్ళకి మట్టం కొత్త కాదు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి మన చేలదాకా కాలవ నీళ్ళు వస్తున్నాయంటే వాటం చూసి తవ్వబట్టే. దమ్ము చేశాక చేను చదును కాకపోతే నాటు వెయ్యనివ్వం. ఇంట్లో తొట్టి దగ్గరే ఆ జాగ్రత్త మరిచాం.

ఇప్పుడు మేము చేసే పద్ధతి ఇది.

చోటు: వాటం ఇచ్చిన వరండా, మట్టి నేల వద్దు. కొత్తగా మెరక చేసిన చోట గచ్చు దిగుతుంది, అక్కడా వద్దు. గోడ పక్కన, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. ఎండ తగిలితే నీళ్ళు కాగుతాయి, పాచి పడుతుంది.

స్టాండు: పై భాగం తొట్టి అడుగుకంటే చిన్నదిగా ఉండకూడదు. తొట్టి అంచు బయటికి వేలాడకూడదు. కాళ్ళ మధ్య అడ్డకమ్మీలు ఉండాలి. ఎత్తు ఎక్కువైతే పిల్లలు పట్టుకుని లాగినప్పుడు ఒరుగుతుంది కాబట్టి గోడకి క్లాంపు బిగించాలి. తుప్పు పట్టకుండా రంగు వెయ్యాలి.

మట్టం: ఖాళీ స్టాండు మీద రసమట్టం నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి చూడాలి. రసమట్టం లేకపోతే మేస్త్రీల నీళ్ళ పైపు చాలు. తేడా ఉంటే స్టాండు కాలి కింద ఇనప బిళ్ళ గానీ, చదునైన రాతి పలక ముక్క గానీ పెట్టాలి. అట్ట, పుల్ల, మడిచిన గుడ్డ వద్దు. తొట్టికీ స్టాండుకీ మధ్య మాత్రం ఏ ముక్కా దోపకూడదు. అడుగు అద్దం నేరుగా ఆనే తొట్టి అయితే కింద మొత్తం పరుచుకునేలా అరంగుళం థర్మకోల్ షీటు వెయ్యాలి. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టికి అది అక్కర్లేదు.

నీళ్ళు: ఒక్కసారి నింపొద్దు. పావు వంతు పోసి, నాలుగు మూలలా పై అంచు నుంచి నీటి దాకా స్కేలుతో కొలవాలి. నాలుగూ ఒకటే రావాలి. సగం పోసి మళ్ళీ, నిండాక మళ్ళీ కొలవాలి. తేడా కనిపిస్తే నీళ్ళు తీసేసి సరిచెయ్యాలి, నీళ్ళున్న తొట్టిని ఎత్తకూడదు, జరపకూడదు. ఒక పగలూ రాత్రీ అలా ఉంచి, చెమ్మ లేదని చూసుకున్నాకే చేపలు.

కరెంటు: జంక్షన్ బాక్సు నేల మీద ఉండకూడదు, తొట్టి కిందా ఉండకూడదు. వైరు ప్లగ్గు కంటే కిందికి జారి మళ్ళీ పైకి వెళ్ళేలా వదిలితే తడి ప్లగ్గులోకి పోదు, కింద చుక్కగా రాలిపోతుంది. గాలి మోటారు నీటి మట్టం కంటే పైన ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబులోంచి మోటారులోకి వస్తాయి. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపాలి.

ఇంకొక్క మాట. చేపలు ఎక్కువయ్యాయని కాలవలో వదలొద్దు. పాచి తింటుందని కొనే సక్కర్ చేప అలాగే బయటపడి చెరువుల్లో తిష్ఠ వేసింది. దానివల్ల చేపల రైతులు పడే బాధ మనకి తెలుసు.

మళ్ళీ మా తొట్టి దగ్గరికి వస్తే, నష్టం ఎవరు కట్టాలన్న దాని మీద రెండు సమావేశాలు గొడవైంది. ఆవిడ ఇంట్లో పగిలింది, ఆవిడే కట్టుకోవాలని మాలో కొందరం అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు, మూడో వారం పొదుపుకి రాలేదు. అప్పుడు తెలిసింది, తొట్టితో పాటు సంఘానికీ పగులు వచ్చేలా ఉందని. అందరం వాళ్ళింటికి వెళ్ళాం. అట్ట దోపింది ఒకరం, చూసి ఊరుకున్నది అందరం అని ఒప్పుకుని, ఆ నష్టాన్ని పదిమందిమీ పంచుకున్నాం. మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానం రాశాం: ఏ ఇంట్లో తొట్టి పెట్టినా, వేరే ఇంటి సభ్యులు ఇద్దరు వచ్చి మట్టం చూసి సంతకం పెట్టాకే చేపలకి డబ్బు ఇవ్వాలి. మన వస్తువు మన కంటికి ఎప్పుడూ చక్కగానే కనిపిస్తుంది, అందుకే పక్కింటి కళ్ళు కావాలి.

ఇప్పుడు ఆవిడ తొట్టి లోపలి గదిలో ఉంది. రసమట్టం, నీళ్ళ పైపు మా సంఘం దగ్గర ఉన్నాయి. మీలో ఎవరు తొట్టి పెట్టాలనుకున్నా కబురు చెయ్యండి, ఇద్దరం వస్తాం.