చేతిదీపమును అపరాధ పరిశోధక నవలయు



నిత్యజీవితమున వాడుకొను యంత్రములలో నాకేవి ప్రియమైనవి, వినోదమునకై చదువుకొను కథలలో నాకేవి ప్రియమైనవి అను రెండు సంగతులను గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిని. నేను భాషాప్రవీణ పరీక్షయందు ఉత్తీర్ణుడనై, కల్యాణదుర్గము చుట్టుపట్ల ఉన్నత పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా నుండి, విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివాడు భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో చెప్పక, టార్చిలైటును గూర్చియు హంతకుల కథలను గూర్చియు చెప్పుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. కాని ఒకప్పుడు ఆ రెండును కలిసి మా ఊరిలో ఒక ముసలిదాని ప్రాణమును కాపాడినవి. ఆ కథ చెప్పుటకే వచ్చితిని.

మన అనంతపురము సీమ సంగతి మీకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. పడమటి కనుమలు నైరుతి మేఘమును ఆవలనే పిండివేయును. ఈశాన్యపు వాన తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును వేరుసెనగ ఊడలు దిగువేళ రాక, కాయలు పెరుకువేళ వచ్చును. ఇట్టి నేలపై పెరిగినవానికి వస్తువులయందు ఒకవిధమైన పిసినారి రుచి అలవడును. పని చేయవలెను, పని ముగియగానే ఊరకుండవలెను, చెడినచో బాగుచేయుటకు వీలుగా నుండవలెను. యంత్రమునకు నేను విధించు లక్షణములు ఈ మూడే.

నా మొదటి యంత్రము చేతి గడియారము. బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయముతో 1961లో గడియారములు చేయ మొదలిడిరి. ప్రతి ఉదయము కీ ఇచ్చుకొను రకమును నా తొలి జీతములతో కొంటిని. 2016లో ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయ నిశ్చయించినది. నాది మాత్రము ఇంకను నడచుచున్నది. దినమునకు రెండు నిమిషములు వెనుకబడును. మా ఊరి బస్సు అంతకంటె వెనుకబడును గనుక నాకెన్నడును నష్టము కలుగలేదు. ప్రొద్దున దానికి కీ ఇచ్చునప్పుడు, ఈ దినమును నడపవలసినవాడను నేనే యను భావము కలుగును. అందుకే అది ఇష్టము.

రెండవది రేడియో. మదరాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినవి. మా తండ్రిగారి కాలమున పంచాయతీ కచ్చేరి ముందరి రేడియో చుట్టును ఊరంతయు చేరెడిది. నా కాలమునకు ట్రాన్సిస్టరు వచ్చి, రేడియో పొలము గట్టునకు నడచి వచ్చినది. అది చెవిని మాత్రమే అడుగును. కన్నులను, చేతులను మనకు వదలివేయును. వేరుసెనగ కాయలు ఒలుచుచు వార్తలు వినవచ్చును. ఇంత మర్యాదగల యంత్రము నాకు మరియొకటి కనబడలేదు.

మూడవది చేతిదీపము, అనగా టార్చిలైటు. రెండు బ్యాటరీలు, ఒక చిన్న బల్బు, ఒక మీట. లాంతరు చుట్టుపట్లనంతయు వెలిగించును. టార్చి మనము చూడదలచినదానినే చూపును. ఎచట చూడవలెనో తెలియనివానికి అది యున్నను లేనట్లే. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; ముందు పనికివచ్చును.

ఇక కథల సంగతి. మా గురువుగారి యింట నవల ముట్టుకొనుటయే దోషము. డిటెక్టివు నవల మాట చెప్పనక్కరలేదు. నేను ఆ నిష్ఠతోనే ఉద్యోగమున చేరితిని. 1985 ప్రాంతమున ఒకనాడు ఛందస్సు పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలో ఒక పిల్లవాడు వాచకము నడుమ చిన్న పుస్తకము పెట్టుకొని చదువుచుండుట నా కంటబడెను. అది కొమ్మూరి సాంబశివరావుగారి నవల. డిటెక్టివు యుగంధర్ కథ. గుంతకల్లు రైలుస్టేషనులో వాని మేనమామ కొన్నదట. పుస్తకమును లాగుకొంటిని. రెండు దెబ్బలు కొట్టితిని. ఈ చెత్త చదువువాడు బాగుపడడని తరగతి యందరి ముందర శపించితిని. వాడు, “అయ్యవారూ, ఇంకా ముప్పై పేజీలే ఉండాయి, ఇచ్చేయండి” అని యేడ్చెను. ఇయ్యలేదు.

మరునాటినుండి వాడు బడికి రాలేదు. ఇంటి కష్టములచే తండ్రి వానిని బోరుమోటార్లకు తీగచుట్టు పని నేర్చుకొన పంపెనని తరువాత తెలిసినది. కష్టములే కారణమో, నా మాటయే కారణమో నేటికిని నిర్ణయింపలేకున్నాను.

ఆ రాత్రి నేను చేసిన పనిని ఇప్పుడు చెప్పెదను. తలుపు గడియ వేసికొని, ఆ పుస్తకమును మొదటినుండి తుదివరకు చదివితిని. ముగించుసరికి తెల్లవారినది.

చదివి ఆశ్చర్యపడితిని. అందు యుగంధరుడు చేయు పని నేను తర్కశాస్త్రమున చదువుకొన్నదే. కొండమీద పొగను చూచి నిప్పు కలదని ఊహించుట అనుమానప్రమాణము. మంచును చూచి పొగయని భ్రమించి, నిప్పు కలదనుట హేత్వాభాసము. మంచి అపరాధ పరిశోధక నవలలో పుటపుటకును ఈ రెంటికిని పోరు జరుగుచుండును. కార్యమును ముందు చూపి కారణమును దాచుట మన కవులకు తెలియని విద్యయు కాదు. 16వ శతాబ్దమున పింగళి సూరన నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయమున, ముందు జరిగిన వింతలకు కారణములు ఎంతో తరువాత గాని తెలియవు. పాశ్చాత్యులలో ఎడ్గర్ అలన్ పో 1841లో ఈ రకపు కథకు దారి తీసెను. కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సును లోకమునకు చూపెను. ఈ సంగతులన్నియు తరువాత తెలిసికొని, నా పాండిత్యమునకు కళంకము రాలేదని సమాధానపడి, ధైర్యముగా చదువసాగితిని.

ఇందును మంచిచెడ్డలు కలవు. అంతవరకు పేరైనను వినబడని కవల సోదరుని చివరి పుటలో తెచ్చి, వాడే హంతకుడనెడి నవలను నేను సహింపను. అది చదువరిని మోసగించుట. ఆధారములన్నియు నా కంటిముందే యుండవలెను. నేను చూచియు గమనింపకుండవలెను. తుదకు, “అయ్యో, కనబడుచునే యుండెనే” అని తల కొట్టుకొనవలెను. మరియు 1980ల నాటి వారపత్రికలలో చేతబడి, క్షుద్రవిద్యల నవలలు విరివిగా వెలువడెను. అవియును చదివితిని, భయపడితిని, కథ చెప్పు నేర్పును మెచ్చుకొంటిని. కాని నాకు రుచి కుదరలేదు. పరిశోధక నవల ముగిసినప్పుడు అనుమానము తీరును. ఆ నవల ముగిసినప్పుడు అనుమానము మనతో ఇంటికి వచ్చును. ఇది ఊరక అనుచున్న మాట కాదు. వినుడు.

2002వ సంవత్సరము, దేశమున జూలై మాసపు వానలు తప్పిన యేడు. మా ఊరిలో ఎన్నో ఇండ్లకు తాళములు పడెను. జనము బెంగుళూరికి కూలికి పోయిరి. ఒకరాత్రి తొలికోడి కూయకమునుపే మా వీధిలో గోల పుట్టెను. ఒక రైతు యింట ఒక ఆవు చచ్చినది. రెండవది కాళ్లు కొట్టుకొనుచున్నది. పెయ్య వణకుచు నురుగు గ్రక్కుచున్నది. ఆ కరవులో ఆ పాలే ఆ యింటికి కూడు. ఎదురింట డెబ్బదియేండ్ల వితంతువు ఒంటరిగా నుండెను. ముందునాటి సాయంకాలము ఆమె ఆ యావులను నిమిరి, “ఎంత బాగుండాయో” అన్నదట. కట్టుత్రాడు తెగియున్నది. ఇంకేమి కావలెను? “ముసలిదే తాడు కోసింది, చేతబడి చేసింది” అని ఎవరో అనిరి. గడియలోపల అదియే నిశ్చయమైపోయెను. ఆమె తలుపు ముందర ముప్పదిమంది చేరిరి. కొందరి చేతులలో కట్టెలుండెను.

నేనును అచటనే యుంటిని. కాకి వ్రాలినవేళ తాటిపండు పడినంతమాత్రమున, కాకియే పండును పడగొట్టెనన రాదని, కాకతాళీయ న్యాయమును వందలకొలది పిల్లలకు బోధించినవాడను. నోరు మెదపలేదు. భయపడితిని. ఈ మాట చెప్పుటకు సిగ్గుగా నున్నది. కాని చెప్పకున్నచో నా కథ అబద్ధమగును.

అప్పుడు గుంపులోనుండి ఒకడు నా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, మీ టార్చి ఇట్లియ్యండి” అనెను. ఆనాటి నా శిష్యుడే. అప్పటికి మోటారు మెకానిక్కుగా నుండెను. వాడు దీపమును ముసలిదాని తలుపుపై వేయలేదు. త్రాటి కొనపై వేసెను. “కత్తితో కోస్తే కొన సమంగా ఉంటుందప్పా. ఇది పీచులు లేచింది. ఆవే గుంజుకొని తెంపుకొనింది” అనెను. తరువాత పెయ్య మూతిపై వేసెను. పండ్ల నడుమ పచ్చని ఆకు తునక కనబడెను. “ఊర్లో యాడా పచ్చ లేదే, ఇది యాడిది?” అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. పిమ్మట నేలపై వేసెను. గిట్టల జాడ కొట్టమునుండి సందు దాటి వంకలోనికి దిగినది.

వాడు ముందు, మేము వెనుక. వంక యిసుకలో జాడ స్పష్టముగా నుండెను. ఆవలి గట్టున, బెంగుళూరికి పోయినవారి మడి యొకటి కలదు. బోరునీటితో పశువుల మేతకై వేసిన జొన్నను కోసికొని వారు పోయిరి. మిగిలిన మోళ్లకు, పదినాళ్ల క్రిందట పడిన ఒక్క జల్లుతో, జానెడు పిలకలు లేచియుండెను. సగము మడి మేసియున్నది. మా వెంట వచ్చిన పెద్దాయన యొకడు అచటనే కూలబడి, “నాము!” అనెను.

నామును గూర్చి మీకు తెలియనిది కాదు. వాన లేక గిడసబారిన లేతజొన్నలోను, కోసిన మోళ్ల పిలకలలోను పశువు కడుపున విషమగు పదార్థము పెరుగును. దానినుండి పుట్టు హైడ్రోసయనిక్ ఆమ్లము ఊపిరిని నిష్ప్రయోజనము చేసి, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే పశువును చంపును. పైరు ఎదిగి పూతకు వచ్చిన పిమ్మట భయము తగ్గును. అచట చేరిన ముప్పదిమందికిని ఈ సంగతి తెలియును. ఆ యేడు ఊరిలో ఎవరును జొన్న వేయలేదు గనుక ఎవరికిని తోచలేదు. తోచకపోవుట తప్పు కాదు. తోచనిచోట ముసలిదానిని తెచ్చి నిలుపుట తప్పు.

ఆనాడు మా ఊర చేతిఫోను లేదు. ఒకడు సైకిలుపై నాలుగు మైళ్లు పోయి, టెలిఫోను బూతువానిని లేపి, పశువైద్యునికి కబురు చెప్పెను. ఆయన వచ్చి పెయ్యకు సోడియం థయోసల్ఫేటు మందును నరమునకు సూదితో ఎక్కించెను. కొంచెమే మేసియుండుటచే అది బ్రదికినది. రెండు ఆవులును పోయినవి. జనము కట్టెలు పారవైచి మౌనముగా ఇండ్లకు పోయిరి. ముసలిదానిని క్షమింపుమని ఒక్కరును అడుగలేదు. మరునాడు నేను పోయి అడిగితిని. ఆమె, “నువ్వేం జేస్తివి సామీ” అనెను. ఏమియు చేయలేదు, అదియే నా నేరము.

ఆ సాయంకాలము నా పెట్టె అడుగునుండి పదునేడేండ్ల నాటి ఆ పుస్తకమును తీసి వాని చేతికిచ్చితిని. వాడు తెల్లబోయి, “ఇంకా పెట్టుకొన్నారా అయ్యవారూ! మీరు చదివినారా?” అని అడిగెను. “నాలుగుమార్లు” అంటిని. వాడు నవ్వి, “అయితే హంతకుడెవరో చెప్పొద్దండి” అని, మా అరుగుమీదనే కూర్చుండి, మిగిలిన ముప్పది పుటలను చదివిపోయెను.

ఇక నేటి సెల్ ఫోనును గూర్చి నా మతమేమని అడుగుదురు. మనదేశమున 1995 జూలై 31న తొలి పిలుపు పలికిన ఈ యంత్రమును నేను దూషింపను. ఆనాడే అది మా ఊర నుండినచో ఇంకొక ఆవు దక్కియుండునేమో. రాత్రివేళ పాముల నడుమ మోటారు వేయబోవు రైతు నేడు ఇంటనుండియే ఫోనుతో స్టార్టరును నడుపుచున్నాడు. నా కన్నులకు శుక్లములు వచ్చినప్పుడు అక్షరములను పెద్దవి చేసి చూపినది. నవలను చదివి వినిపించినది కూడ. ఆ గొంతునకు హంతకుడును న్యాయాధిపతియు ఒక్కటే. ఇద్దరును ఒకే రాగమున మాటలాడుదురు. అయినను విన్నాను.

కాని దానికి ముగింపు లేదు. నవల చివరి పుటతో ముగియును, గడియారము మాటలాడదు, రేడియో ఈ ప్రసంగము కాగానే నన్ను పంపివేయును. ఫోను మాత్రము మనము అడుగకమునుపే బదులు చెప్పుచుండును. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకార్లు ఫోనులలో ప్రాకి, దేశమున పెక్కుచోట్ల నిరపరాధులు జనుల దెబ్బలకు చచ్చిరి. మా ఊర ముసలిదాని తలుపు ముందర చేరినది ముప్పదిమంది. ఆ గుంపే నేడు అరచేతిలో చేరుచున్నది.

పరిశోధక నవల చదివినవారెల్లరు వివేకులగుదురని నేననను. షెర్లాక్ హోమ్సును సృజించిన డాయిలే ముసలితనమున ప్రేతాత్మలతో మాటలాడవచ్చునని గట్టిగా నమ్మెను. నాలుగుమార్లు చదివిన నేను ఆ రాత్రి నోరు మూసికొని నిలిచితిని. ముప్పది పుటలు తక్కువగా చదివినవాడు టార్చి నడిగెను. కనుక గ్రామపెద్దలైన మీకు నా మనవి ఒక్కటే. మీ మనుమడు చాటున అట్టి పుస్తకము చదువుచున్నచో, లాగుకొనకుడు; చదివి ముగింపనిండు. మీ ఊర ఎవరిమీదనైనను నింద పుట్టి జనము చేరినప్పుడు, ముందు త్రాటి కొన చూపుమని అడుగుడు.

ఆ టార్చి ఇప్పుడు నా యొద్ద లేదు. ఆ రాత్రి వాడు తిరిగి ఇయ్యలేదు, నేనును అడుగలేదు.