పక్షవాతం తర్వాత మెదడు రక్తనాళాల్లో జన్యువుల పని
(అధ్యక్షోపన్యాసం)



నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి సౌదీ అరేబియా వచ్చి బతుకుతున్నవాళ్ల ముందు పక్షవాతం ఎంత ప్రమాదమో కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దున డ్యూటీకి లేచేసరికి చెయ్యి పైకి రాదు, మాట తడబడుతుంది, మూతి పక్కకి పోతుంది. గదిలో తోటివాళ్లు నిద్ర చాలలేదనుకుంటారు, ఎండదెబ్బ అనుకుంటారు. కాసేపు పడుకోమంటారు. ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. ఎండ నుంచి కాపాడడానికి ఆ చట్టం ఉన్నా, లోలోపల పెరిగే బీపీని ఎవరికి వాళ్లే చూసుకోవాలి. ఎక్కువ పక్షవాతాల వెనక ఉన్నది ఆ బీపీయే.

పక్షవాతం మీద జరిగే ప్రసంగాల్లో రెండు విషయాలు తప్పకుండా వస్తాయి. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డ ఒకటి, ఆక్సిజన్ అందక చచ్చిపోయే నాడీకణాలు ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఉన్న నాళం గోడ సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు. ఈ ఉపన్యాసం ఆ గోడ గురించి.

మనిషి మెదడులోని నాళాలన్నీ కలిపి కొలిస్తే సుమారు 600 కిలోమీటర్లు ఉంటాయని అంచనా. వాటి లోపలి పొరగా ఉండేవి ఎండోథీలియల్ కణాలు. మిగతా ఒంట్లో ఈ కణాలు కాస్త వదులుగా ఉంటాయి కాబట్టి నీరు, లవణాలు, చిన్న అణువులు సులువుగా అటూ ఇటూ పోతాయి. మెదడులో అలా కాదు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు పట్టించినట్టు, క్లాడిన్-5, ఆక్లూడిన్ అనే ప్రోటీన్లు కణాన్ని కణానికి బిగిస్తాయి. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ అంటే ఇదే.

ఆ గోడ ఒకసారి కట్టి వదిలేసింది కాదు. ఒంట్లో ఏ కణాన్ని తీసుకున్నా దాదాపు అవే జన్యువులు ఉంటాయి. ప్రోటీన్లు తయారుచేసేవి సుమారు 20 వేలు. వాటిలో ఏవి పనిలో ఉన్నాయన్నదే ఒక కణానికీ ఇంకో కణానికీ తేడా. పనిలో ఉన్న జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు వస్తాయి. ఆ నకళ్లను లెక్కపెడితే కణం ఆ గంటలో ఏం చేస్తోందో తెలుస్తుంది. మెదడు నాళంలోని కణం తన ప్రత్యేకతను నిలుపుకోవడానికి చుట్టూ ఉన్న మెదడు కణజాలం నుంచి సంకేతాలు అందుతూనే ఉండాలి. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ఎదిగిన ఎలుకల నాళాల్లో ఆ సంకేతాలను అందుకునే జీపీఆర్124 అనే జన్యువును తీసేసి చూశారు. ఆరోగ్యంగా ఉన్నంతసేపూ ఆ ఎలుకల అడ్డుగోడకు ఏమీ కాలేదు. స్ట్రోక్, అంటే పక్షవాతం, కల్పించగానే గోడ చెదిరి మెదడులోకి రక్తం కారింది. మామూలు రోజుల్లో కనపడని లోపం ఆపద రాగానే బయటపడింది.

స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో ఆక్సిజన్ తగ్గిన సంగతిని కణంలో హిఫ్ అనే ప్రోటీన్ పసిగడుతుంది. ఆ ఏర్పాటును విడమర్చిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. హిఫ్ పైకి లేవగానే దాని కింద పనిచేసే జన్యువులు చాలా లేస్తాయి. వాటిలో వీఈజీఎఫ్ ఒకటి. నాళాలను లీకయ్యేలా చేసేదీ, కొత్త నాళాలను మొలిపించేదీ ఇదే. మరోపక్క ఐకామ్-1, సెలెక్టిన్లు అనే అంటుకునే ప్రోటీన్లు నాళం లోపలి ముఖం మీద పైకి వస్తాయి. రక్తంలో సాగిపోయే తెల్లకణాలు వాటికి పట్టుబడి, గోడ దాటి మెదడులోకి దిగుతాయి.

అడ్డుగోడ ఎలా చెదురుతుందో చూడడానికి క్లాడిన్-5 మెరిసేలా మార్చిన ఎలుకలను తయారుచేశారు. బతికున్న ఎలుక మెదడులోనే ఆ మెరుపు గీతలను సూక్ష్మదర్శినిలో గమనించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఆరు గంటలకే నాళం కారడం మొదలైంది, కణాల మధ్య బిగింపు మాత్రం అప్పటికి చెక్కుచెదరలేదు. రక్తంలోని సరుకు కణం పొట్టలోంచి, చిన్న చిన్న తిత్తుల్లో మోసుకుపోయినట్టు అవతలికి చేరుతోంది. బిగింపు తెగడం కనపడింది దాదాపు 48 గంటలకు. అంటే ఒకే లీకుకు రెండు దారులున్నాయి, వాటి వేళలు వేరు. ఒక దారిని మూసే మందు రెండోదాన్ని మూయాలని లేదు.

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి రోబెన్ ముంజి, రిచర్డ్ డానెమన్ బృందం 2019లో ఇంకో మెట్టు ఎక్కింది. స్ట్రోక్, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలకు దెబ్బ, మూర్ఛ అనే నాలుగు జబ్బులకు ఎలుకల్లో నమూనాలు తయారుచేసి, మెదడు నాళాల కణాలను విడదీసి, వేర్వేరు దశల్లో ఆర్‌ఎన్‌ఏ లెక్కించారు. కారణాలు నాలుగైనా నాళాల్లో పైకి లేచిన జన్యువుల్లో ఒక ఉమ్మడి గుంపు కనపడింది. ఆ గుంపు మిగతా అవయవాల నాళాల్లో మామూలుగానే పనిచేసే జన్యువులతో కలిసింది. అంటే జబ్బు పడిన మెదడు నాళం తన ప్రత్యేకత వదులుకుని ఒంట్లోని మామూలు నాళం వైపు మళ్లుతోంది. ఈ పదేళ్లలో పక్షవాతం మీద వచ్చిన ఆలోచనల్లో ఇంత ముఖ్యమైనది అరుదు. నాలుగు జబ్బులకూ పనికొచ్చే ఒకే మందు దొరకవచ్చన్న ఆశకు ఇది ఆధారం.

ఈ మార్పంతా కీడే అనుకోకూడదు. పక్షవాతం వచ్చి కొన్నాళ్లు బతికి చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షించి 1994లో ఒక బృందం, దెబ్బతిన్న వైపు కొత్త సూక్ష్మనాళాలు మొలిచాయని, అవి ఎక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ రోజులు బతికారని చూపింది. బాగుచేసే పనిలో కూడా వీఈజీఎఫ్ ఉంది. 2000లో వచ్చిన ఎలుకల పరిశోధనలో స్ట్రోక్ అయిన గంటకే వీఈజీఎఫ్ ఇస్తే లీకు పెరిగింది. 48 గంటల తర్వాత ఇస్తే కొత్త నాళాలు పెరిగి ఎలుకలు మెరుగ్గా కోలుకున్నాయి. మందు ఒకటే, వేళ మారితే ఫలితం తిరగబడింది.

మనుషుల మీద తొందరపడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణా ఉంది. ఐకామ్-1ను అడ్డుకుంటే తెల్లకణాలు లోపలికి రావు కదా అని, ఎలుకల నుంచి తయారుచేసిన ఎన్లిమోమాబ్ అనే యాంటీబాడీని 625 మంది రోగులతో పరీక్షించారు. 2001లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్ల పరిస్థితి తీసుకోనివాళ్లకంటే దిగజారింది.

ఇక మనం ఉంటున్న ఈ నేల సంగతి. సౌదీ తూర్పు ప్రాంతంలోని కతీఫ్, అల్ అహ్సాల్లో సికిల్ సెల్ జబ్బు తరతరాలుగా ఉంది. హెర్మన్ లేమన్ అనే శాస్త్రవేత్త 1952లో నీలగిరి గిరిజనుల్లో ఆ లక్షణాన్ని గుర్తించారు, 1963లో సౌదీలో దాని విస్తృతిపై వచ్చిన నివేదికలోనూ ఆయన పేరుంది. తూర్పు సౌదీలోనూ భారతదేశంలోనూ కనిపించే సికిల్ జన్యువు ఆఫ్రికా రకాల నుంచి వేరుగా పుట్టిందని 1986లో తేలింది. దాని పేరే అరబ్-ఇండియన్ రకం. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో బాధపడుతున్న గిరిజన బిడ్డలకూ కతీఫ్ పిల్లలకూ ఉన్న చుట్టరికం ఇది. సికిల్ సెల్ పిల్లల మెదడు నాళాలు ఇరుకై, చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. అరబ్-ఇండియన్ రకంలో ఆ ముప్పు తక్కువ, సౌదీ నైరుతిలోని ఆఫ్రికా రకంలో ఎక్కువ. తేడాకి ముఖ్య కారణం, గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ జన్యువు తూర్పువాళ్లలో పెద్దయ్యాక కూడా బాగా పనిచేయడం.

2024 జనవరిలో సౌదీ ఆమోదించిన కాస్‌జెవీ చికిత్స చేసేదీ అదే. సికిల్ జన్యువును అది సరిచేయదు. బీసీఎల్11ఏ అనే జన్యువు జోరు తగ్గించి, నిద్రపోయిన గర్భకాలపు హిమోగ్లోబిన్ జన్యువును మళ్లీ పనిలో పెడుతుంది. జన్యువు పనితీరును మార్చడం రక్తకణాల్లో వైద్యమైంది. మెదడు నాళాల్లో ఇంకా కాలేదు.

అక్కడా అది జరగాలంటే మనుషుల నుంచి సమాచారం కావాలి. పైన చెప్పిన ప్రయోగాల్లో చాలావరకు ఎలుకలవి, అవి కూడా వయసులో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలవి. లేబర్ క్యాంపులో పడిపోయే మనిషికి ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉంటాయి. సౌదీ ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన మానవ జన్యు కార్యక్రమం జన్యువుల్లో రాసి ఉన్నదాన్ని చదువుతోంది. పక్షవాతం తర్వాత ఏ గంటకు ఏ జన్యువు లేస్తోందో తెలుసుకునే పని కూడా ఇక్కడి ఆస్పత్రులు, హైదరాబాద్ పరిశోధనశాలలు కలిసి చేపట్టాలి. ఈ సభలో ఉన్న తెలుగు డాక్టర్లు, శాస్త్రవేత్తలు అందుకు పూనుకోవాలని ఈ అధ్యక్షస్థానం నుంచి విన్నపం.

మిగతా అందరికీ ఇంకో విన్నపం. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ నాళం గోడ బలహీనమై మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. పక్కవాడి మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తేడా వచ్చినా పడుకోమనకండి. ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో ఒక కాగితం మీద రాసుకుని, ఇక్కడైతే 997కి, ఊళ్లో అయితే 108కి వెంటనే ఫోన్ చేయండి.