చీటీ తీశాక జాబితా ముట్టుకోవద్దు

  

గణాంక శాఖలో నా ఉద్యోగమంతా జవాబుల కోసం తిరగడమే. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుకు ఫారాలు పట్టుకుని వెళ్తే మునీం తలెత్తకుండానే అన్నాడు: "పత్తి బండ్లు లైను గట్టినయ్, గిప్పుడొచ్చినవా సారూ?" దీపావళి దాటాక అక్కడ ఊపిరి సలపదు. మేమేమో "మిల్లుల వాళ్లు సహకరించరు" అని పైకి రాసేవాళ్లం. 2008 గణాంకాల సేకరణ చట్టం ఉంది, జరిమానా ఉంది. కానీ నోటీసుకు జడిసి నింపిన ఫారంలో అంకెలుంటాయి, మిల్లు ఉండదు.

అందుకే, అడిగే వేళ మారిస్తే జవాబొస్తుందేమో చూద్దామని, మిల్లుల జాబితాను చీటీలేసి రెండు కట్టలు చేశాం. ఉత్తరం అదే, ఫారం అదే. ఒక కట్టకు సీజన్‌లో, రెండో కట్టకు వానాకాలంలో పంపాలని. అంతలో మా ఇన్‌స్పెక్టర్, "ఈ సేటు మంచోడు సార్, వానాకాలం కట్టలో వేద్దాం" అన్నాడు. నా చాదస్తమంతా ఇక్కడే. మంచి సేట్లందరినీ ఒక కట్టలో వేస్తే, జవాబు తెచ్చింది తేదీనా, సేటు మంచితనమా? ఎవరు చెప్పగలరు?

ఈ చాదస్తం కొత్తదేం కాదు. 1930ల చివర బెంగాల్ జనపనార సర్వేల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఒకే ప్రాంతానికి రెండు బృందాల్ని వేర్వేరు నమూనాలతో పంపేవారు, ఒకరి అంకెల్లో తప్పును మరొకరివి పట్టిస్తాయని. చీటీ కథ మన దగ్గరా ఉంది. 2018లో తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు, లాటరీలో వచ్చిన మండలాల అధికారులకు "చెక్కు అందిందా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతాం" అని పరిశోధకులు ముందే చెప్పించారు. ఆ మండలాల్లో డబ్బు అందని రైతులు 7.8 శాతం తగ్గారు. అది జవాబులు పెంచే ప్రయోగం కాదు, ఒప్పుకుంటాను. కానీ మండలాల్ని ఎంచింది లాటరీ, ఏ సారూ కాదు.

పట్టాలందుకుంటున్న బిడ్డలారా, కొత్త నంబరైతే మీరు ఫోనెత్తరు. అమ్మ చేసినా ఎత్తరు కొందరు! పత్తి చేన్లో వంగి ఉన్న మనిషి మాత్రం మీ నలభై ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. చెప్పకపోతే "రైతుకు అవగాహన లేదు" అంటారు. ఏం మాటలవి?

రేపు బ్యాంకులోనో విత్తన కంపెనీలోనో సర్వే యాప్ మీ చేతికిస్తారు. చీటీలేసి సగం మందికి పొద్దున, సగం మందికి రాత్రి అన్నం తిన్నాక ఫోన్ చేద్దామని అడగండి. చీటీ తీశాక పేర్లు మార్చమని మేనేజరు అంటే నా నంబరివ్వండి. నేనైతే ఎత్తుతాను.