జైలు కచేరిలో ఒక కాగితము విలువ



మేడ్చల్, శామీర్‌పేట గ్రామములనుండి విచ్చేసిన మీతో నేడు మేము ముచ్చటింపదలచిన విషయము జైలు. ఈ మాట చెవిని బడగానే ఎత్తైన గోడలు, ఇనుప తలుపులు, తాళములు కన్నులకు కట్టును. కాని ఆ గోడల లోపల కలము పట్టు గుమాస్తా, గరిటె పట్టు వంటవాడు, నాడి చూచు వైద్యుడు కూడ కలరు. వీరి పని సక్రమముగా సాగనిచో, న్యాయస్థానమిచ్చిన విడుదల ఉత్తరువు సైతము ఖైదీ చేతికి అందదు.

మన జిల్లాలోని చర్లపల్లి కేంద్ర కారాగారము పెద్దది. అచ్చట పనులు పంచుకొనుటకు పలువురు ఉద్యోగులు కలరు. చిన్న ఊరి సబ్‌జైలు సంగతి వేరు. పూర్వము తాలూకా కచేరి ప్రక్కనే కొలది గదులతో ఇట్టి జైళ్లు చాలచోట్ల ఉండెడివి. నేటికిని చిన్న జైలులో ఆ కొద్దిమంది ఉద్యోగులే కావలి కాయవలెను, లెక్కలు వ్రాయవలెను, సరుకులు తూచి తీసికొనవలెను, ఖైదీలు కోర్టుకు పోవలసిన తేదీలు చూడవలెను. కావుననే అచ్చట ఒక పుస్తకములో దొర్లిన పొరపాటు ఒక మనిషి బ్రతుకునే తాకును.

అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ కాలము మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని మన రాజ్యాంగము 22వ అధికరణమున శాసించినది. మేజిస్ట్రేటు రిమాండునకు పంపినచో, ఆ వారంటును చూచిన పిదపనే జైలు అధికారి అతనిని లోనికి తీసికొనును. అంతట సోదా జరుగును. ఖైదీవద్దనున్న డబ్బు, వస్తువులు పట్టిక వ్రాసి జైలరు స్వాధీనమందుంచవలెను. స్త్రీలను స్త్రీలే సోదా చేయవలెను. వీలైనంత త్వరలో వైద్యుడు పరీక్షించి, దేహముపై గాయములున్నచో వ్రాసి యుంచవలెను. ఈ విధులు 1894 నాటి జైళ్ల చట్టమందే కలవు. గాయమును గూర్చి వ్రాసిన ఆ ఒక్క పంక్తియే, ఆ దెబ్బ ఎచ్చట తగిలినదను ప్రశ్న పుట్టిననాడు సాక్ష్యమగును.

పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు నంబరు సరిగా వ్రాయుట స్వల్పకార్యముగా తోచవచ్చును. ఊరిలో మల్లయ్య అని పిలువబడు ఒక కూలి, వారంటులో మల్లేశమనియు, ఆధార్ కార్డులో మల్లేశ్ అనియు ఉన్నాడనుకొందము. విడుదల ఉత్తరువు వచ్చిన దినమున ఇతడే అతడా యను సందేహముతో ప్రొద్దు గ్రుంకిపోవును. ఇంటివద్ద పిల్లలు మరియొక రాత్రి వాకిట కూర్చుందురు.

విచారణలోనున్న ఖైదీ శిక్షపడినవాడు కాడని మనము మరువరాదు. నేరము రుజువగువరకు అతడు నిర్దోషియే. అతనికి వేళకు అన్నము, శుభ్రమైన నీరు, జబ్బుచేసినచో మందు, బంధువులతో ములాఖాత్ సమకూర్చుట దయాధర్మము కాదు, జైలు విధి. తల్లితోపాటు జైలులోనుండు పసిబిడ్డల విషయమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కక్షిగానున్న ఒక వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశములిచ్చినది. ఆ ప్రకారము 6 ఏండ్లు నిండువరకు బిడ్డ తల్లిచెంత ఉండవచ్చును. ఆ బిడ్డను ఖైదీగా చూడరాదు. తగిన ఆహారము, వైద్యము, చదువు సమకూర్చవలెను.

ఇక అసలు విషయమునకు వత్తము. బెయిలు మంజూరైనను బయటికి రాలేని పేదలు కలరు. కారణమేమి? జామీను, అనగా మన ప్రాంతమున జమానతు అందుమే, అది నిలుచువారు దొరకరు. దొరికినను వారివద్ద చూపదగిన కాగితములుండవు. ఒక్కొక్కప్పుడు ఉత్తరువే జైలుకు ఆలస్యముగా చేరును. ఈ కష్టమును గమనించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఒక పద్ధతిని నిర్దేశించినది. బెయిలు ఉత్తరువు ప్రతిని అదే దినమునగాని మరునాడుగాని కోర్టు జైలు సూపరింటెండెంటుకు ఈమెయిలు ద్వారా పంపవలెను. ఆ తేదీని జైలువారు కంప్యూటరులో నమోదు చేయవలెను. 7 దినములలో ఖైదీ విడుదల కానిచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలుపవలెను. నెల దినములైనను జామీను సమర్పింపలేనిచో, షరతును సడలించు విషయము కోర్టు తనంతట తానే పరిశీలింపవచ్చును.

సొమ్ములేని వారికొరకు కేంద్రప్రభుత్వము 2023లో ఒక పథకము నేర్పరచినది. ఆనాటి నియమముల ప్రకారము బెయిలు కొరకు రు. 40,000 వరకు, శిక్షపడినవారి జరిమానా కొరకు రు. 25,000 వరకు సహాయము పొందవచ్చును. కొన్ని తీవ్రనేరములకు ఇది వర్తింపదు.

2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను మరియొక మేలు చేసినది. మునుపెన్నడును శిక్షపడని విచారణఖైదీ, తనపై మోపిన నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము జైలులో గడపినచో విడుదలకు అర్హుడగును. ఇతరులకు సగము కాలము. మరణశిక్షకు, యావజ్జీవశిక్షకు వీలైన నేరములకును, ఒకటికి మించిన కేసులు నడచుచున్నవారికిని ఇది చెల్లదు. ఆ గడువు పూర్తియైనదని కోర్టుకు వ్రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. దినములు లెక్కించు గుమాస్తా కలములో ఒక కుటుంబపు కూడు గూడు ఇమిడియున్నవని మేమందుము.

అయిన, భారమంతయు జైలుపై మోపి ఊరు ఊరకుండరాదు. మీ గ్రామస్థుడెవడైన జైలుపాలైనచో, కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకము సిద్ధముగా నుంచుకొనుడు. వకీలును పెట్టుకొను శక్తి లేదని దళారి చేతిలో పుస్తెలు పెట్టకుడు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము నిర్బంధములోనున్న వ్యక్తికి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. 15100 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

తిరిగివచ్చిన మనిషిని ఆదరించుట మరియొక కర్తవ్యము. 1954లోనే మౌలాలివద్ద ఖైదీలకు ఆరుబయలు వ్యవసాయక్షేత్రము నేర్పరచిరి. మనిషిని నమ్మి నాగలి చేతికిచ్చినచో అతడు మారగలడన్నదే దాని సారము. ప్రభుత్వము నమ్మిన మనిషిని అతని ఊరు నమ్మకుండుట న్యాయమా? అతనికి కూలిపని చెప్పుడు; అతని బిడ్డలను బడిలో వేరుగా చూడనీయకుడు.

జైలు తలుపునకు రెండు తాళపుచెవులు కలవు. ఒకటి కావలివాని మొలను వ్రేలాడును. రెండవది కచేరిలోని కాగితము. ఆ కాగితము సకాలమున కదలునట్లు చూచుట అధికారుల ధర్మము. కదలనినాడు పోయి అడుగుట మన ధర్మము.