దూరదేశపు కొలువు - జీతపు మాట



నేడు జీతపు బేరమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పసుల బేరము మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అంగడిలో ఎద్దు పండ్లు చూచి, నాలుగడుగులు నడిపించి, తువ్వాల క్రింద వ్రేళ్లు పట్టి ధర తేల్చువారము. అట్టి మనమే కన్నకొడుకు గల్ఫునకు పోవునప్పుడు, ఏజెంటు చూపిన కాగితముపై మాఱుమాట లేక సంతకము చేయించుచున్నాము.

ఇది ఒకరిని నిందించుటకు చెప్పుట కాదు. 1996వ సంవత్సరమున మా తమ్ముడు దుబాయికి పోవునప్పుడు మా యింట ఇంగ్లీషు చదువనేర్చినవాడను నేనొక్కడనే. వాడు కాగితము నా చేతికిచ్చి, "అన్నా, తిండి వాళ్లదా, మనదా? ఇందుల రాసి లేదు. అడుగుదమా?" అనెను. అప్పటికే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటునకు కట్టియుంటిమి. "అడిగితే వీసా ఇంకొకనికి పోతది, ఊకో" అని చెప్పినవాడను నేనే. అక్కడ దిగిన పిమ్మట వానిచేత మఱొక కాగితముపై సంతకము చేయించుకొనిరి. నోటిమాటగా చెప్పిన 800 దిర్హములు 600 ఆయెను. తిండి ఖర్చు వానిదే. అప్పు తీఱుటకు మూడేండ్లు పట్టెను. ఆ నడుమ మా నాయన కాలము చేసెను. రాకపోకల టిక్కెట్టు ఎవరు పెట్టుకొనవలెనో వ్రాసియుండలేదు గనుక, వాడు చివరిచూపునకు రాలేకపోయెను. ఆ సంగతి వాడు నన్నొకనాడును ఎత్తి పొడువలేదు. పొడిచియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

మన తాతల కాలమున ఏడాది జీతమునకు మనిషిని కుదుర్చుకొను పద్ధతి మీలో వృద్ధులైనవారు చూచియే యుందురు. నెలకిన్ని కుంచముల జొన్నలు, ఏడాదికొక గొంగడి, ఒక జత చెప్పులు, పండుగకు బట్టలు, ఇన్ని దినములు సెలవు - అన్నియు నలుగురి యెదుట వేఱువేఱుగా పేరుపెట్టి చెప్పుకొనుచుండిరి. అక్షరము రానివాడు సయితము "చెప్పుల మాటేమి?" అని అడుగకుండ తలయూచెడివాడు కాడు. ఆ పద్ధతిని నేను పొగడుటలేదు. పెండ్లికో చావునకో దొరవద్ద అప్పు పుచ్చుకొని జీతమునకు దిగినవాడు నోరెత్తజాలకుండెను. అట్టివానిని భగేలా అనిరి. వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము రద్దుచేసినది గాని, అప్పుపడినవానికి బేరము లేదను నియమమును ఏ చట్టమును రద్దుచేయలేదు. ముందు ఏజెంటునకు సొమ్ము కట్టి పిమ్మట కాగితము చదువుకొనువాని గతియు నదియే. మేము 1996లో చేసిన తప్పు అచ్చముగా ఇదే. కాగితము ముందు, అప్పు తరువాత రావలెను.

గడచిన సంవత్సరము మా పొరుగింటి పిల్లవాడు రెండు కాగితములు పట్టుకొని వచ్చెను. రెండును దుబాయి కంపెనీలవే, రెండింటను బస కంపెనీవారిదే. "పెద్దబాపూ, ఇది 1,400, ఇది 1,300. ఎక్కువదానికే పోత" అనెను. చూడగా మొదటిదానిలో మూలవేతనము 600 దిర్హములు మాత్రమే, తక్కిన 800 తిండి మొదలగు భత్యముల క్రింద చూపబడినది. రెండవదానిలో మూలవేతనము 1,000, తిండికి 300.

ఇందలి కీలకము మూలవేతనములో నున్నది. ఆ దేశమున 2022 ఫిబ్రవరిలో అమలునకు వచ్చిన కార్మికచట్టము ప్రకారము దినమునకు ఎనిమిది గంటలు మించిన పనికి మూలవేతనమును బట్టి గంటకూలి కట్టి, దానిపై నూటికి 25 వంతులు చేర్చి ఈయవలెను. కొలువు మానినప్పుడు మొదటి అయిదేండ్లకును ఏడాదికి 21 దినముల మూలవేతనము ముట్టజెప్పవలెను. భత్యములు ఈ లెక్కలలోనికి రావు. దినమునకు రెండు గంటలు, నెలకు 26 దినములు అదనపు పని చేసినచో, మొదటి కొలువులో దానికి వచ్చునది సుమారు 162 దిర్హములు, రెండవదానిలో సుమారు 270. అనగా నెలకు 100 ఎక్కువ అనుకొన్నది అక్కడనే కరగిపోయినది. నాలుగేండ్లకు తుదిసొమ్ము మొదటిచోట 1,680, రెండవచోట 2,800. పలకమీద వ్రాసి చూపగా పిల్లవాడు చాలసేపు దానివంకనే చూచుచుండెను.

రెండవ కాగితమున సయితము లోపము లుండెను. రెండేండ్లకొకసారి స్వదేశమునకు వచ్చిపోవు టిక్కెట్టు మాట లేదు. అదనపు పనికి కూలి యిత్తురో లేదో లేదు. ఈ రెండింటిని వ్రాయించి, మూలవేతనము 1,100 చేయుమని అడుగుమంటిని. వాని తల్లి భయపడెను. మా తమ్ముని కాలమున నేను పడిన భయమే అది. ఏజెంటు ఫోనులో, "ఇష్టముంటే పొమ్మను, లేకుంటే పదిమంది ఉన్నరు" అనెను. ఆ పదిమందికిని టిక్కెట్టు కావలసియే యుండునని నేనంటిని. మూడు దినములు జవాబు రాలేదు. ఆ మూడు దినములును ఆ తల్లి నాతో మాటలాడలేదు. నాకును నిద్రపట్టలేదు. నాలుగవనాడు కొత్త కాగితము వచ్చెను. టిక్కెట్టు, అదనపు కూలి వ్రాసిరి, మూలవేతనము మాత్రము ఒక్క దిర్హమును పెంచలేదు. అడిగినదెల్ల దొరకదు. పెంచుట కష్టము గాని, నోటితో ఒప్పుకొన్నదానిని వ్రాయించుట అంత కష్టము కాదు.

సొమ్ము కట్టునప్పుడు ఒక మాట గుర్తుంచుకొనవలెను. 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటు కార్మికునివద్ద పుచ్చుకొనదగిన ప్రతిఫలము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. పదవ తరగతి నెగ్గనివాడు గల్ఫు కొలువునకు పోవుటకు వలస అనుమతి కావలెను. విజిట్ వీసాపై పంపెదనను ఏజెంటు ఈ కట్టుదిట్టములన్నిటిని తప్పించుకొనజూచుచున్నాడని తెలిసికొనవలెను. అనుమతితో పోవువానికి 275 రూపాయలకు రెండేండ్లపాటు 10 లక్షల ప్రమాదభీమా కలదు. పది లక్షలను గూర్చి మాటలాడుట అశుభమని కొందఱందురు. వదలుకొనుట అంతకన్న అశుభము.

అడుగుటవలన ఫలము లేదనువారికి మఱొక సంగతి. భారత ప్రభుత్వము గల్ఫు కొలువులకు కనీస వేతనములు సూచించును. 2020 సెప్టెంబరులో వానిని గట్టిగా తగ్గించెను. తెలంగాణమున కార్మికుల పక్షము వహించినవారు హైకోర్టు నాశ్రయించిరి. 2021లో ప్రభుత్వము ఆ తగ్గింపును ఉపసంహరించుకొనెను.

పొరుగింటి పిల్లవాడు ఉగాది దాటిన పిమ్మట పోయెను. వాని కాగితపు నకలు నా పెట్టెలో, మా తమ్ముని పాతకాగితము ప్రక్కన ఉన్నది. మొన్న ఆదివారము మఱియొకడు కతారు కాగితముతో వచ్చెను. అందులో 1,000 రియాళ్లు అని ఒక్క అంకె తప్ప మఱేమియు లేదు. ఆ దేశమున 2021 మార్చి నుండి కనీసవేతనము 1,000 రియాళ్లు. యజమాని తిండి పెట్టనిచో 300, బస ఈయనిచో 500 వేఱుగా చెల్లించవలెను. "నీకు తిండియు బసయు వారే యిత్తురా?" అని అడిగితిని. వానికి తెలియదు. తెలిసికొని రమ్మని, అంతవఱకు ఎవ్వరివద్దను అప్పు పుచ్చుకొనవద్దని చెప్పి పంపితిని. ఈ ఆదివారము వచ్చెదనన్నాడు.

సెలవు.