ఆ ఘాట్ రోడ్డు ఎవరు వేశారు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అయిదు నిమిషాల్లో ముగించమన్నారు కార్యదర్శిగారు. అందుకని ఒక్క ఊరి గురించే చెబుతాను. ఆ ఊరు చింతపల్లి.

మొన్న డిసెంబరులో మా బ్యాచ్ వాళ్లం పదకొండు మందిమి నర్సీపట్నం నుంచి వ్యానులో కొండెక్కాం. లంబసింగిలో పొగమంచు, దారిపొడుగునా కాఫీ తోటలు చూసుకుంటూ చింతపల్లి చేరాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదటి దాడి చేసిన పోలీసు ఠాణా ఊరది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క రాసిపెట్టి మరీ వెళ్లారు. ఇదంతా మనం పాఠంలో చదువుకున్నదే, 1974లో కృష్ణగారి సినిమాలో చూసిందే.

మాతో ఆ కొండల్లో పుట్టిన మిత్రుడొకడున్నాడు. మన స్కూల్లో హాస్టల్లో ఉండి చదువుకుని, టీచరుగా రిటైరయ్యాడు. టీ తాగుతూ అడిగాడు: "మనం ఎక్కొచ్చిన రోడ్డు ఎవరు వేశార్రా?" ఎవరమూ మాట్లాడలేదు. వాడే చెప్పాడు.

1882 అడవి చట్టంతో పోడు వ్యవసాయానికి ఆంక్షలొచ్చాయి. తాతల నాటి అడవిలో కట్టె కొట్టినా నేరమే అయింది. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, ఆ కొండవాళ్ల చేతనే చాలీచాలని కూలికి ఘాట్ రోడ్డు పని చేయించాడు. తిరుగుబాటు నిప్పు అక్కడ రాజుకుంది. రాజుగారు దానికి నాయకుడయ్యారు.

ఆయన పక్కన నిలిచిన గాం గంటం దొర 1924లో పోరాడుతూనే చనిపోయాడు. తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకు వెళ్లి, తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. "మా వాళ్ల పేర్లు పరీక్షలో ఎప్పుడూ రాలేదురా" అన్నాడు మా వాడు నవ్వుతూ. ఆ నవ్వు మాకు నవ్వు తెప్పించలేదు.

తిరుగు ప్రయాణంలో కృష్ణదేవిపేటలో రాజుగారి సమాధి దగ్గర ఆగి నమస్కరించాం. ఆయన వయసు నిండా ఇరవై ఏడేళ్లు కూడా లేవు. మా పిల్లలకంటే చిన్నవాడు.

మిత్రులారా, ఈరోజు కూడా మన స్కూల్లో కొండ ఊళ్ల పిల్లలు చదువుతున్నారు. స్వర్ణోత్సవ నిధిలోంచి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలందరినీ ఒకరోజు చింతపల్లి, కృష్ణదేవిపేట తీసుకెళ్దాం. దారి చూపించే పని ఆ కొండ ఊళ్ల పిల్లలకే ఇద్దాం. మొదటి ఏడాది వ్యాను ఖర్చు మా బ్యాచ్‌ది. రెండో ఏడాదికి ఎవరు ముందుకొస్తారో భోజనాల వేళకల్లా కార్యదర్శిగారికి పేరివ్వండి.